మంచుకీ మంచుకీ మధ్య

పూల లోయకు ఎప్పుడు వెళ్లాలి? ఈ ప్రశ్న అడిగినవాళ్లకు నేను సూటిగా జవాబు చెప్పలేను. జూన్ మొదట్లో వెళ్లినవాళ్లు చూసే లోయ వేరు, జూలై నడిమిలో వెళ్లినవాళ్లది వేరు, ఆగస్టు చివర వెళ్లినవాళ్లది మరీ వేరు. ముగ్గురూ ఒకే బండ మీద నిలబడి ఫొటో తీసుకున్నా, ఆ మూడు ఫొటోల్లో ఉమ్మడి పువ్వు ఒక్కటీ లేకపోవచ్చు. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, మూడున్నర వేల మీటర్లకు అటూ ఇటూ ఎత్తులో, పుష్పావతి నది ఒడ్డున పరుచుకున్న ఆ పచ్చిక ఏడాదిలో సగానికి పైగా మంచు కిందే ఉంటుంది. మిగిలిన నాలుగైదు నెలల్లోనే మొలకెత్తాలి, ఎదగాలి, పూయాలి, తుమ్మెదను పిలుచుకోవాలి, గింజ కట్టాలి, ఆ గింజను విదిలించాలి. మళ్లీ మంచు పడేలోగా మొత్తం సంసారం ముగించుకోవాలి. మనం వెళ్లి తోట అని మురిసిపోతాం గానీ, తోటలో ఉండే తీరిక అక్కడ ఏ మొక్కకూ లేదు.

బదరీనాథ్ వెళ్లే మన తెలుగు యాత్రికుల బస్సులన్నీ ఈ లోయ గడప ముందునుంచే పోతాయి. ఋషీకేశ్‌లో బయల్దేరి, దేవప్రయాగ దగ్గర భాగీరథిని వదిలి అలకనందను పట్టుకుని, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ జోషీమఠ్ చేరి, విష్ణుప్రయాగ దాటితే గోవింద్‌ఘాట్ వస్తుంది. బదరి అక్కడికి ఇంకో పాతిక కిలోమీటర్లు. కుడివైపు కొండల సందులోంచి దూకి అలకనందలో కలిసే లక్ష్మణ గంగను కిటికీలోంచి చూసి, ఇంకో నది అనుకుని, చీకటి పడేలోగా బదరి చేరాలన్న ధ్యాసలో మనవాళ్లు ముందుకు సాగిపోతారు. గోవింద్‌ఘాట్‌లో దిగేది ఎక్కువగా పంజాబ్ నుంచి వచ్చే సిక్కు యాత్రికులు. పైన హేమకుండ్ సాహిబ్ గురుద్వారా ఉంది. లోయకూ, గురుద్వారాకూ సగం దారి ఒకటే.

పుల్నా గ్రామం దాకా జీపులు వెళ్తాయి. అక్కడి నుంచి ఘాంఘరియాకు సుమారు పది కిలోమీటర్ల నడక, దాదాపు కిలోమీటరు ఎత్తు ఎక్కాలి. దారంతా రాళ్లు పరిచి ఉంటుంది. గుర్రాలు, కంచరగాడిదలు గంటలు మోగించుకుంటూ పైకీ కిందికీ తిరుగుతుంటాయి. అవి వస్తున్నప్పుడు కొండ వైపు ఒదిగి నిలబడాలి, లోయ వైపు కాదు. ఈ ఒక్క జాగ్రత్త ఎవరూ చెప్పకపోయినా తెలిసి ఉండాలి. నడవలేనివాళ్లను వీపున బుట్టలో కూర్చోబెట్టుకుని మోసే మనుషులూ ఉంటారు. ఆ బుట్టను కండీ అంటారు. పెద్ద వయసు మనిషిని మోసుకుంటూ, ఊతకర్ర మీద బరువు వాల్చి ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుని, మళ్లీ కదిలే ఆ కుర్రవాళ్లను చూశాక మన భుజాన ఉన్న సంచి గురించి ఫిర్యాదు చేయబుద్ధి కాదు.

ఈ దారి పాతది కాదు. 2013 జూన్ 16, 17 తేదీల్లో కేదారనాథ్‌ను ముంచిన వానే ఇక్కడా కురిసింది. లక్ష్మణ గంగ పొంగి భ్యూండార్ గ్రామాన్ని తుడిచిపెట్టింది, గోవింద్‌ఘాట్‌లో ఒడ్డు మీది కట్టడాలను కోసేసింది, ఘాంఘరియా దాకా ఉన్న బాటను చాలాచోట్ల ఊడ్చుకుపోయింది. ఇప్పుడు నడిచేటప్పుడు నది అవతల పక్క, కొండకు గీత గీసినట్టు మొదలై గాలిలో తెగిపోయే పాత దారి ముక్కలు కనిపిస్తాయి. నది మధ్యలో ఇల్లంత బండలు ఉంటాయి. అవి అక్కడ పుట్టినవి కావు.

ఘాంఘరియా మూడు వేల మీటర్లకు కాస్త పైన ఉన్న మజిలీ. ఒకటే వీధి. రెండు పక్కలా లాడ్జీలు, పరాఠాలు కాల్చే ధాబాలు, వాన కోటులు అమ్మే కొట్లు, చివర్లో గురుద్వారా. చుట్టూ ఫర్ చెట్ల చీకటి. ఇది ఊరు కాదు. మంచు కరిగాక తెరుచుకుని, మంచు పడేముందు మూసుకుంటుంది. చలికాలంలో అందరూ కిందికి దిగిపోతారు. అంటే మనుషులు కూడా ఇక్కడ మొక్కల లెక్కలోనే బతుకుతారు. గుర్రపువాడైనా, పరాఠా కాల్చేవాడైనా ఏడాది సంపాదన ఈ కొద్ది నెలల్లోనే దండుకోవాలి. అందుకే ఆ వీధిలో బేరాలు కొంచెం గట్టిగా ఉంటాయి. నాకు అది తప్పనిపించదు.

ఇక్కడికి వచ్చాక తెలుగు చదువుకున్నవాడికి ప్రవరాఖ్యుడు గుర్తుకు రాక తప్పదు. పెద్దన మనుచరిత్రలో ఆ అరుణాస్పద పురవాసి సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకుని క్షణంలో హిమాలయం చేరాడు, కళ్లారా చూశాడు, చూస్తూ చూస్తూ మంచులో తిరిగేసరికి పసరు కరిగిపోయి ఇంటికి పోలేక చిక్కుకున్నాడు. తరవాత వరూధిని కథ అందరికీ తెలిసిందే. వైద్యుల లెక్కలో చూస్తే ప్రవరుడి అసలు సాహసం వరూధినిని కాదనడం కాదు, ఒక్క క్షణంలో అంత ఎత్తుకు ఎగరడం. రెండున్నర వేల మీటర్లు దాటాక గాలి పలచబడటం ఒంటికి తెలుస్తుంది. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. అందుకే ఘాంఘరియాలో ఒక రాత్రి ఊరికే పడుకోవడం కూడా ప్రయాణంలో భాగమే. అక్కడ ఆగకుండా అదే రోజు హేమకుండ్ ఎక్కుతామని పట్టుబట్టేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. వాళ్ల దగ్గర పసరు లేదు.

పొద్దున్నే బయల్దేరాలి. ఘాంఘరియా దాటాక దారి రెండుగా చీలుతుంది. కుడిచేతి దారి హేమకుండ్‌కు, ఎడమది లోయకు. అటవీశాఖ గేటు దగ్గర పేరు రాయించుకుని లోపలికి పోవాలి, సాయంత్రంలోగా బయటికి వచ్చేయాలి. లోపల రాత్రి ఉండటానికి వీల్లేదు, గుర్రాలకు ప్రవేశం లేదు. ఏటా జూన్ 1న తెరిచి అక్టోబర్ 31న మూసేస్తారు. పుష్పావతి మీది వంతెన దాటగానే నిట్టనిలువు ఎక్కుడు. మొదటి గంటలో పువ్వులు పెద్దగా కనిపించవు. చాలామంది ఇక్కడే నిరాశపడి, ఇదేనా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఆ ఎక్కుడులో పువ్వుల కోసం కాక చెట్ల కోసం చూడమని నా సలహా. తెల్లటి పొట్టు పొరలు పొరలుగా లేచిపోతున్న చెట్లు కనిపిస్తాయి. అది భోజపత్ర, మన గ్రంథాల్లోని భూర్జపత్రం. కాగితం రాకముందు ఉత్తరదేశంలో రాతప్రతులు దీని పొట్టు మీదే రాసుకున్నారు. దక్షిణాన మనకు తాటాకు, ఘంటం. వాళ్లకు ఈ పొట్టు, సిరా. కాళిదాసు కుమారసంభవంలో విద్యాధర స్త్రీలు ప్రేమలేఖలు రాసుకున్నది భూర్జత్వచం మీదే. ఆ చెట్ల మొదళ్లు గమనించండి. నేల దగ్గర పల్లం వైపు వంగి, తరవాత పైకి తిరిగి ఉంటాయి. ప్రతి చలికాలం మంచు బరువు వాటిని కిందికి తోస్తుంది, ప్రతి వేసవి అవి మళ్లీ ఆకాశం వైపు లేస్తాయి. హిమాలయాల్లో ఈ పక్కన చెట్టు అన్నది పెరగగలిగే చివరి ఎత్తు దీనిదే. ఇది దాటితే ఇక చెట్లుండవు, గడ్డీ పువ్వులే. ఆ పచ్చికలను గఢ్వాలీలు బుగ్యాల్ అంటారు.

భోజపత్ర వెనకబడుతుంది, కొండలు ఒక్కసారి పక్కకు జరుగుతాయి, లోయ తెరుచుకుంటుంది. సుమారు అయిదు కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పు. ఒకప్పుడు హిమనదం దొర్లిన దారి కాబట్టి అడుగు వెడల్పుగా, పక్కలు నిలువుగా ఉంటాయి. ఎదురుగా లోయ కొసన టిప్రా హిమనదం, దాని పైన గౌరీ పర్బత్, రతబన్ శిఖరాలు. మబ్బు తీస్తేనే కనిపిస్తాయి. పూలు కావాలంటే వానాకాలంలో రావాలి, వానాకాలంలో వస్తే శిఖరాలు దక్కవు. రెండూ ఒకే రోజు దొరికినవాళ్లు అదృష్టవంతులు.

ఇప్పుడు పూల సంగతి. మొదట మంచు కరుగుతున్న అంచుల్లోనే ప్రిములాలు, అనిమోన్లు, తడిసిన చోట్ల పసుపు రంగు కాల్తా వస్తాయి. ఇవన్నీ జానెడు లోపు మొక్కలు. పక్కన ఎత్తు మొక్క ఏదీ ఇంకా లేవలేదు కాబట్టి వాటికి ఎత్తుతో పని లేదు. జూలైలో నీలి జెరేనియాలు, ఎర్ర పొటెంటిల్లాలు, ఏనుగు తొండంలా మూతి తిప్పుకున్న పెడిక్యులారిస్‌లు మోకాలి దాకా వస్తాయి. నెలాఖరుకు నదీ పక్కల గులకరాళ్ల మీద గులాబీ రంగు ఎపిలోబియం పరుచుకుంటుంది. ఆగస్టులో బాల్సమ్, లిగులేరియా, అమెలా లేస్తాయి, కొన్నిచోట్ల మనిషి నడుం దాటిపోతాయి. సెప్టెంబర్‌లో అవన్నీ పసుపుబారి కూలబడ్డాక, గడ్డిలో నీలి జెంషియన్లు మళ్లీ నేలకు అంటుకుని పూస్తాయి. పెళ్లి భోజనాల్లో మొదటి బంతి లేవగానే రెండో బంతి కూర్చున్నట్టు, అదే నేల మీద, అదే వెలుతురు కోసం, ఒకదాని తరవాత ఒకటి వస్తాయి. వెనక వచ్చేది ముందున్న దానికంటే ఎత్తు పెరిగితేగానీ తుమ్మెద కంట పడదు. ఈ లోయలో అయిదు వందలకు పైగా పూల మొక్కల జాతులను గుర్తించారు. అన్నీ ఒకేసారి పూస్తే సరిపడా తుమ్మెదలూ ఉండవు.

తుమ్మెదలంటే గుర్తొచ్చింది. అంత చలిలో చిన్న పురుగు ఒళ్లు కదలడమే కష్టం. ఇక్కడి బొచ్చు తుమ్మెదలు రెక్కలు ఆడించకుండా రెక్కల కండరాలను మాత్రం వణికించి ఒంట్లో వేడి పుట్టించుకుంటాయి. ఆ వేడితోనే పొద్దున్నే పనిలోకి దిగుతాయి. ఇంకా ఎత్తుకు పోతే ఆ పనిలో ఎక్కువ వాటా ఈగలది. పువ్వు దగ్గర ఈగను చూసి మనం మొహం తిప్పుకుంటాం గానీ, పర్వత పుష్పాలకు అవి లేకపోతే గడవదు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది కంటికి కనిపించని సంగతి. మంచు కరిగిన రెండు మూడు వారాల్లోనే పువ్వు ఎలా విచ్చుకుంటుంది? మొగ్గ ఈ ఏడు కట్టింది కాదు కాబట్టి. ఎత్తయిన కొండల మొక్కలు చాలావరకు ముందటి వేసవిలోనే మొగ్గను మట్టిలో, ఆకు మొదట్లో తయారు చేసి పెట్టుకుంటాయి. మనం ఈ జూలైలో చూసి ఆహా అనుకునే పువ్వు పోయిన ఆగస్టు ఎండకు ఫలితం. ఒక ఏడు ఎండ చాలకపోతే ఆ నష్టం మరుసటి ఏడు పూతలో బయటపడుతుంది. ఎందుకు తగ్గిందో ఆ రోజు చూసినవాళ్లకు తెలియదు.

ఒక్కో మొక్కదీ ఒక్కో యుక్తి. దారి పక్క నీడలో పడగ విప్పిన పాములా నిలబడేది కోబ్రా లిల్లీ. పేరుకు లిల్లీ, నిజానికి మన కంద, చేమల చుట్టం. దుంపలో నిల్వ తక్కువగా ఉన్న ఏడు మగ మొక్కగా పూస్తుంది, బలిశాక ఆడ మొక్క అవుతుంది. గింజ కట్టడానికి ఖర్చెక్కువ మరి. ఈ జాతిలో మగ పూతలోకి దూరిన చిన్న దోమలాంటి పురుగు అడుగున ఉన్న సందులోంచి పుప్పొడి పూసుకుని బయటపడుతుంది. ఆడ పూతకు చాలావాటిలో ఆ సందు ఉండదు. పుప్పొడి తెచ్చిచ్చిన పురుగు లోపలే చస్తుంది. అందమైన చోటు అని ఊరుకుంటే ఇలాంటివి కళ్లబడవు. తొండం మూతి పెడిక్యులారిస్ కూడా అమాయకురాలు కాదు. సొంత ఆకులుండీ, మట్టిలో పక్క మొక్కల వేళ్లను అంటుకుని వాటి సారం కొంత పీల్చుకుంటుంది. బాల్సమ్ కాయ ముదిరాక వేలు తగిలితే చాలు, టప్పున చిట్లి గింజల్ని దూరంగా విసురుతుంది. ఎవరూ చూడకుండా ఒకటి రెండు చిట్లించని మనిషిని నేను నమ్మను.

నీలి పాపీ గురించి వేరే చెప్పాలి. లోయలో రాళ్ల నీడల్లోనూ, హేమకుండ్ ఎక్కే దారిలోనూ, ఒళ్లంతా ముళ్లతో, పలచటి పట్టులాంటి నాలుగైదు రేకులతో నిలబడుతుంది. ఆ నీలం ఆకాశంలోదీ కాదు, నెమలిదీ కాదు, వానలో తడిసినప్పుడు లోపలి నుంచి వెలిగే రకం. మొక్క కొన్నేళ్లు ఆకులతోనే బతుకుతుంది. తరవాత కూడబెట్టినదంతా ఒక్క వేసవిలో పూతకు ఖర్చుపెట్టి, గింజలు రాల్చి, చచ్చిపోతుంది. దాన్ని కోసినవాడు ఆ మొక్కకు ఉన్న ఒకే ఒక్క అవకాశాన్ని కోసినట్టు.

మన పచారీ కొట్లలో, మూలికల అంగళ్లలో పొట్లాలు కట్టి అమ్మే అతివస, కటుకరోహిణి, జటామాంసి కూడా ఈ ఎత్తుల్లో పుట్టేవే. మూడింటికీ వేరో దుంపో మందు కాబట్టి మొక్క మొత్తం పెరకాల్సిందే. అందుకే మూడూ ఇప్పుడు అరుదైపోతున్నాయి. ఇదే చమోలీ జిల్లాలో నీతీ లోయ వైపు ద్రోణగిరి అనే ఊరుంది. అక్కడివాళ్లు హనుమంతుణ్ణి పూజించరు. సంజీవని కోసం తమ కొండను పెకిలించుకుపోయాడని వాళ్ల కోపం. ఒక మూలిక కావలసి వచ్చి కొండంతా మోసుకుపోయిన పని మీద ఆ ఊరివాళ్ల అభిప్రాయం యుగాలు మారినా మారలేదు.

లోయను బయటి ప్రపంచానికి చెప్పినవాడు ఫ్రాంక్ స్మైత్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు. 1931లో ఆయన బృందం 7,756 మీటర్ల కామెట్ శిఖరం ఎక్కింది. మనిషి అప్పటికి అంతకంటే ఎత్తయిన శిఖరం ఎక్కి ఎరగడు. దిగేటప్పుడు భ్యూండార్ కనుమ దాటి, చలిగాలి వానలోంచి ఈ లోయలోకి వచ్చిపడ్డారు. ఆ బృందంలో హోల్డ్స్‌వర్త్ అనే ఆయనకు మొక్కల మీద మక్కువ. ఇంత గొప్ప శిఖరం ఎక్కివచ్చిన మనిషి మనసు శిఖరం మీద కాక కిందనున్న పూల మీద చిక్కుకోవడం నాకు నచ్చుతుంది. స్మైత్ 1937లో మళ్లీ వచ్చి, ఇక్కడే డేరా వేసుకుని, మొక్కలూ గింజలూ సేకరించి, మరుసటి ఏడు లోయ పేరుతోనే పుస్తకం వేశాడు. లోయను కనిపెట్టాడని ఆయన గురించి రాస్తుంటారు. భ్యూండార్ గొల్లలకు ఆ సంగతి తెలిస్తే నవ్వుకుని ఉంటారు. ఆయన రాకముందు ఎన్నో తరాలుగా వాళ్ల గొర్రెలు అక్కడే మేస్తున్నాయి. ఇలాంటి పచ్చికల్లో ఆంఛరీలు, అంటే వనకన్యలు తిరుగుతారని, గట్టిగా అరిస్తే, మెరిసే బట్టలు కట్టుకుపోతే ఎత్తుకుపోతారని గఢ్వాల్ పల్లెల్లో నమ్మకం. ఈ రోజుల్లో స్పీకర్లో పాటలు పెట్టుకుని నడిచే గుంపులను చూసినప్పుడల్లా ఆంఛరీలు తమ పని మానేశారేమో అనిపిస్తుంది.

స్మైత్ పుస్తకం వచ్చిన మరుసటి ఏడు, 1939లో, జోన్ మార్గరెట్ లెగ్ అనే వృక్ష పరిశోధకురాలు బ్రిటన్ నుంచి ఇక్కడికి వచ్చింది. అప్పటికే యాభై దాటిన మనిషి. జూలై 4న మొక్కలు సేకరిస్తూ రాతి వాలు మీద కాలు జారి పడి చనిపోయింది. లోయలోనే పాతిపెట్టారు. తరవాత ఆమె సోదరి వచ్చి సమాధి ఫలకం పెట్టించింది. ప్రధాన బాట నుంచి కాస్త పక్కకు తిరిగితే కనిపిస్తుంది. లోయలో మనిషి కట్టింది దాదాపు అదొక్కటే. చాలామంది అక్కడిదాకా వెళ్లి అక్కణ్ణుంచే వెనుదిరుగుతారు. ఇంకాస్త ముందుకు, నది ఒడ్డుదాకా పోతే మంచిది. జనం తగ్గుతారు.

మర్నాడు హేమకుండ్. ఆరు కిలోమీటర్ల దూరంలో పదకొండు వందల మీటర్లకు పైగా ఎక్కాలి. 4,300 మీటర్ల పైన మంచు నీటి సరస్సు, చుట్టూ శిఖరాలు, ఒడ్డున గురుద్వారా, పక్కనే లక్ష్మణుడి గుడి. గురు గోవింద్ సింగ్ పూర్వజన్మలో తపస్సు చేసిన చోటు ఇదేనని సిక్కుల విశ్వాసం. లక్ష్మణుడు తపస్సు చేశాడని గఢ్వాలీలది. ఇద్దరి నమ్మకాలూ ఒకే నీళ్ల ఒడ్డున ఉంటాయి. ఆ ఎత్తులో గాలిలో ఒంటికి అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదాంట్లో పదింట ఆరుపాళ్లే. ప్రతి ఇరవై అడుగులకూ ఆగి, రాయి మీద చేయి వేసి, వెనకవాళ్లకు దారిస్తూ ఎక్కాలి. ఆ ఆగిన చోటే బ్రహ్మకమలం కనిపిస్తుంది.

మన ఇళ్లలో కుండీల్లో రాత్రిపూట పూసి, తెల్లారేసరికి వాడిపోయి, పొద్దున పేపర్లో ఫొటో పడే బ్రహ్మకమలం వేరు. అది మెక్సికో వైపు నుంచి వచ్చిన జెముడు జాతి. అసలు బ్రహ్మకమలం తామర కూడా కాదు, చామంతి కుటుంబం. పైకి పాలపచ్చటి పల్చని కాగితపు డొప్పలు, లోపల ముదురు వంగపండు రంగు పూగుత్తి. ఆ డొప్పలే పైకప్పు. ఎండను లోపలికి రానిచ్చి వేడిని నిలుపుతాయి, వాన పుప్పొడిని కడిగేయకుండా ఆపుతాయి. ఇంకా పైన, రాళ్ల మధ్య పెరిగే దాని చుట్టం ఫేన్ కమల్ మరో ఉపాయం ఎంచుకుంది. ఒంటి నిండా తెల్లటి ఉన్ని కప్పుకుని మంచు ముద్దలా కూర్చుంటుంది. బ్రహ్మకమలం ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. నందాష్టమి వేళ నియమాలు పాటించి కోసుకొచ్చి నందాదేవికి సమర్పించే ఆచారం ఉంది. పండగ దాకా ఆగడం అనే ఆ నియమం పువ్వుకు గింజ పట్టే వ్యవధినీ ఇచ్చింది. యాత్రికుల రద్దీకి అలాంటి నియమం లేదు. హేమకుండ్ లంగర్‌లో వేడి టీ, కిచిడీ పెడతారు. ఆ చలిలో ఆ కిచిడీ రుచి గురించి నేను నిష్పాక్షికంగా మాట్లాడలేను. మధ్యాహ్నం దాటకుండా దిగడం మొదలుపెట్టాలి, పైన రాత్రి ఉండనివ్వరు.

దిగివచ్చి ఘాంఘరియాలో కాళ్లు చాపుకుని కూర్చున్న సాయంత్రాల్లో, స్థానికులతో మాట కలిస్తే అది ఎక్కడ మొదలైనా గొర్రెల దగ్గరికి చేరుతుంది. 1982లో లోయను జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. విస్తీర్ణం 87.5 చదరపు కిలోమీటర్లు. 2005లో నందాదేవి జాతీయ ఉద్యానంతో కలిపి ప్రపంచ వారసత్వ స్థలమైంది. ఉద్యానం అయ్యాక మేత నిషేధించారు. భ్యూండార్ వాళ్లు గొర్రెల్ని వదులుకుని గుర్రాలకూ, లాడ్జీలకూ మళ్లారు. ఆ తరవాత అమెలా పెరిగింది. తెల్లటి పూగుత్తులతో, నడుమెత్తున, కింద ఇంకే మొక్కనూ లేవనివ్వకుండా కమ్ముకునే పొద. గొర్రెలు తొక్కి, కొరికి దీన్ని అదుపులో పెట్టేవి, వాటిని వెళ్లగొట్టి లోయను పాడుచేశారు అని ఊరివాళ్ల వాదన. శాస్త్రవేత్తల్లోనూ కొందరు అదే అన్నారు. మరికొందరు ఒప్పుకోలేదు. మందలు రాత్రిళ్లు పడుకున్న చోట్ల ఎరువెక్కిన నేలలోనూ, కొండచరియలు విరిగిన చోట్లలోనూ ఈ మొక్క ముందునుంచీ ఉందని, అంటే గొర్రెలే దీనికి చోటు చేశాయని, అరుదైన పూలకు మేతే అసలు ముప్పని వాళ్ల మాట.

చిక్కంతా ఏమిటంటే అమెలా పరాయిది కాదు, హిమాలయాల సొంత మొక్కే. ఇక్కడి గులాబీ బాల్సమ్‌ల చుట్టమొకదాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో అందం కోసం ఇంగ్లండు తోటలకు పట్టుకుపోతే, ఇప్పుడు అది అక్కడి ఏటిగట్లన్నీ ఆక్రమించింది. స్వచ్ఛంద కార్యకర్తలు గుంపులుగా చేరి పీకుతుంటారు. అమెలా కూడా అక్కడ చేరి అదే పేరు తెచ్చుకుంది. పరదేశంలో రెచ్చిపోయిన మొక్క సంగతి అర్థమవుతుంది. సొంత ఊళ్లో రెచ్చిపోతే దాన్ని కలుపు అనాలా, ప్రకృతి అనాలా? అటవీశాఖ కలుపు అనే తేల్చింది. ప్రతి వేసవిలో కూలీలను పెట్టి పెరికిస్తుంది. వేరు ముక్క నేలలో మిగిలితే మళ్లీ లేస్తుంది కాబట్టి మరుసటి ఏడూ అదే పని. ఏ మనిషి చేయీ పడకుండా కాపాడాలని గిరిగీసిన చోట ఏటా మనుషులు గుంపుగా దిగి ఫలానా మొక్క ఉండొచ్చు, ఫలానాది వద్దు అని ఏరుతున్నారన్నమాట.

నా మట్టుకు నాకు, ఒక వాలు మీద గీత గీసి, సెప్టెంబర్‌లో పూలు గింజ రాల్చాక కొద్ది గొర్రెల్ని కొన్నేళ్లపాటు వదిలి చూడాలనిపిస్తుంది. పక్కనే మరో వాలు వాటి జోలికి పోకుండా ఉంచాలి. అయిదారేళ్లలో ఏది నిజమో నేలే చెబుతుంది. చట్టం ఒప్పుకోదని అటవీశాఖ వాళ్లు అంటారు. గొర్రెలు కాసేవాళ్లు ఇప్పుడు ఎవరున్నారని ఊళ్లో కుర్రవాళ్లు అంటారు, సీజన్లో గుర్రం తోలితే వచ్చేది గొర్రెలో రాదు కదా అని. ఆ రెండో మాటకు నా దగ్గర జవాబు లేదు.